పాటిగడ్డ మీద మొదలయ్యే వృత్తి

క్షేత్ర పురావస్తు పరిశోధనను వృత్తిగా చేపట్టాలనుకునే పాలమూరు, నల్లగొండ విద్యార్థులు నన్ను సాధారణంగా కోర్సుల గురించి అడుగుతారు. కోర్సు సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ ఊరి పాటిగడ్డను, అంటే పూర్వం జనం నివసించి వదిలేసిన పాత ఊరి దిబ్బను, నడిచి చూసి రమ్మని చెబుతాను. ఎర్ర చెలకల నడుమ బూడిద రంగు మన్ను ఎక్కడ కనిపిస్తుందో, ఏ దిబ్బ నుంచి పాటిమన్ను తోలి పొలాలకు ఎరువుగా వేసేవారో ఊళ్లోని పెద్ద రైతులకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

తొలకరి వానలకు దున్నిన పాటిచేనులో కుండపెంకులు పైకి తేలుతాయి. వాటిలో లోపలివైపు, అంచు నల్లగానూ, వెలుపల కిందిభాగం ఎర్రగానూ ఉన్న పెంకు దొరికితే దానిని నిదానంగా పరిశీలించాలి. కుండను బోర్లించి కాల్చినప్పుడు గాలి అందని భాగం నల్లబడుతుంది, గాలి తగిలిన భాగం ఎర్రబడుతుంది. మన ప్రాంతంలో ఇనుప యుగపు సమాధులలో ఇటువంటి పాత్రలు విరివిగా లభిస్తాయి. జనం రాక్షసిగుళ్లు అని పిలిచే రాతివలయాలు ఆ సమాధులే. క్వారీలకూ ప్లాట్లకూ ఇవి రోజురోజుకూ బలైపోతున్నాయి కనుక, మన జిల్లాలలో ఇప్పుడు తవ్వకం కన్నా కాలినడకన చేసే సర్వేయే అత్యవసరమని నా గట్టి నమ్మకం. నారాయణపేట జిల్లా ముడుమాలలో కృష్ణ ఒడ్డున ఉన్న నిలువురాళ్లు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. అవి నేటికీ నిలిచి ఉండడానికి, ఊరివారు వాటిని దేవుడిగా కొలుస్తూ రావడం కూడా ఒక కారణమని నేను భావిస్తాను.

చదువు విషయానికి వస్తే, ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ పుణెలోని దక్కన్ కళాశాలలోనూ ఎం.ఏ. చేయవచ్చు. కేంద్ర పురావస్తు సర్వేక్షణ గ్రేటర్ నోయిడాలో రెండేళ్ల పీజీ డిప్లొమా నడుపుతోంది. మట్టిపొరలను గుర్తించి వాటి గీతచిత్రం వేయడం, పెంకుల అంచును బట్టి పాత్ర ఆకారాన్ని పట్టుకోవడం, రాతిమీద తడికాగితం పరచి, బ్రష్‌తో కొట్టి, సిరా అద్ది శాసనపు నకలు తీయడం వంటివన్నీ చేతికి అలవాటు కావలసిన పనులే. తవ్వకానికి వచ్చే కూలీలలో చాలామంది, గడ్డపార తగిలిన చప్పుడును బట్టే పొర మారిందని చెప్పగలరు. వారి పక్కన కూర్చుని నేర్చుకోవడాన్ని నామోషీగా భావించేవారు ఈ పనిలోకి రాకపోవడమే మంచిది.

తవ్విన పొరను మళ్లీ పేర్చలేము. నాగార్జునసాగర్ నీటిలో మునిగిపోయిన ఏలేశ్వరం గురించి ఈనాడు మనకు తెలిసినది ప్రధానంగా, ముంపుకు ముందు అక్కడ తవ్వకాలు జరిపిన అబ్దుల్ వహీద్ ఖాన్ బృందం రాసిపెట్టినదే. 2024లో సూర్యాపేట జిల్లాలోని బౌద్ధ క్షేత్రమైన ఫణిగిరిలో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. వాటికి ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయిని గుర్తు (నాలుగు కొసల్లో వలయాలున్న కూడిక గుర్తు) ఉన్నాయి. అదే కుండ గుప్తనిధుల వేటగాళ్ల చేతికి చిక్కి ఉంటే, అది ఏ లోతులో, ఏ పొరలో, వేటి నడుమ ఉందో చెప్పే ఆధారమంతా పోయి సీసం మాత్రమే మిగిలేది. అనుమతి లేకుండా తవ్వరాదన్న నియమాన్ని నేను అంత గట్టిగా పట్టుకోవడానికి కారణం ఇదే.

శాశ్వత ఉద్యోగాలు తక్కువ. కేంద్రంలో పై స్థాయి కొలువులకు యూపీఎస్సీ నియామకాలు జరుపుతుంది. ఆ అవకాశం వచ్చేదాకా ఒక్కో సీజన్‌కు ఒప్పంద పనులతోనే గడపవలసి వస్తుంది. ఇంట్లో వాళ్లకు ఈ మాట ముందే చెప్పి ఒప్పించుకోవాలి. ఆ ఏళ్లలో జీతం ఎంతన్నది మన చేతిలో ఉండదు గాని, ఏ రోజు పనిని ఆ రోజు చీకటి పడకముందే నోటుబుక్కులో కొలతలతో సహా ఎక్కించడం మన చేతిలోనే ఉంటుంది. నా జట్టులోకి ఎవరినైనా తీసుకునే ముందు, పట్టాల కన్నా ముందుగా నేను చూడాలని అడిగేది ఆ నోటుబుక్కునే.