కారులో కూర్చున్న మనిషి

ఎన్మండ్ కేసులో 1982లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును నిన్న రాత్రి మొదటిసారి పూర్తిగా చదివాను. ఫ్లోరిడాలో, కారు వేడెక్కిందనీ కాసిని నీళ్లు కావాలనీ ఒక వృద్ధ దంపతుల ఇంటికి వచ్చినవాళ్లు దోపిడీలో ఆ ఇద్దరినీ కాల్చి చంపగా, దోపిడీలో పాలుపంచుకున్న వాళ్లందరూ హంతకులేనన్న నియమం ప్రకారం, రోడ్డు పక్కన కారులో వేచి ఉన్న ఎన్మండ్‌కూ మరణశిక్ష పడింది. చంపనివాడికి, చంపాలని తలపెట్టనివాడికి ఆ శిక్ష వేయడం, క్రూరమైన, అసాధారణమైన శిక్షలను నిషేధించే ఎనిమిదో రాజ్యాంగ సవరణకు విరుద్ధమని అయిదుగురు న్యాయమూర్తులు అన్నారు, నలుగురు కాదన్నారు. ఆ రక్షణ అయిదేళ్లకే సన్నగిల్లింది. నేరంలో ప్రధాన పాత్ర, ప్రాణాల పట్ల తీవ్ర నిర్లక్ష్యం ఉంటే మరణశిక్ష వేయవచ్చని 1987లో టైసన్ కేసులో అదే కోర్టు చెప్పింది. నీళ్లడిగితే సాయానికి వచ్చిన ఆ పెద్దాయనను తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. అయినా, చంపే ఉద్దేశం ఉందో లేదో చూడకుండా ఒకరి ప్రాణం తీయడాన్ని నేను ఒప్పుకోలేకపోతున్నాను.