ఇంట్లో జెల్ గోళ్లు: ఈసారి ల్యాంప్ సంగతి

జెల్ పాలిష్‌కి కావాల్సిన సీసాలు, బఫర్, క్యూటికల్ పుషర్ అన్నీ సమకూరాయి. మిగిలింది ఆ జెల్‌ను వెలుతురుతో గట్టిపరిచే ల్యాంప్ ఒక్కటే. చూడటం మొదలుపెడితే 36, 48, 54, 120 అంటూ వాట్లు పెరుగుతూనే ఉన్నాయి. సైజు చూస్తే మాత్రం అన్నీ ఒకే పోలికలో ఉన్నాయి.

వాట్లు చెప్పేది అది వాడుకునే కరెంటు గురించి. గోటి మీద ఎంత వెలుతురు పడుతుందో దాన్నిబట్టి తెలియదు. ఆ అంకె అయినా నిజమేనా అంటే, అడాప్టర్ మీద చిన్న అక్షరాలు చదవాలి. నాకు నచ్చిన ఒక మోడల్ ఫోటోను పెద్దది చేసి చూస్తే, అవుట్‌పుట్ 24 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంది. గుణిస్తే 24 వాట్లు. అట్టపెట్టె మీద 54! దాన్ని అక్కడే వదిలేశాను.

తర్వాత చూసింది నానోమీటర్లు, అంటే ల్యాంప్ వెలుతురు తరంగదైర్ఘ్యం. జెల్‌లో ఉండే ఫోటో ఇనీషియేటర్ (గట్టిపడటాన్ని మొదలుపెట్టే పదార్థం) తనకు సరిపడే వెలుతురు తగిలితేనే పనిచేస్తుంది, అప్పుడే జెల్ గట్టిపడుతుంది. అందుకే 365, 405 రెండూ ఇచ్చే ల్యాంప్ తీసుకున్నా. జెల్ కంపెనీయే సొంత ల్యాంప్ అమ్ముతుంటే అదే కొనడం ఇంకా మేలు, కాకపోతే ధర కాస్త ఎక్కువ. "ఇది ఎల్‌ఈడీ అండీ, యూవీ ఉండదు" అనే మాట మాత్రం నమ్మకండి. 365 అంటే యూవీ-ఎ కిరణాలే.

మొదట వదిన చేతికి వేశాను. నాలుగు వేళ్లూ ల్యాంప్ కింద బల్లపరుపుగా ఉంటాయి, బొటనవేలు మాత్రం పక్కకు వాలిపోతుంది. దాని గోటి మీద వెలుతురు ఏటవాలుగా పడి, ఓ అంచు పచ్చిగా మిగిలే ప్రమాదం ఉంది. అందుకని నాలుగు వేళ్లు అయ్యాక రెండు బొటనవేళ్లూ కలిపి విడిగా పెట్టించాను. టాప్ కోట్ (చివరి పూత) అయ్యాక పైన జిగురుగా ఉంటే వదిన "ఆరలేదేమో" అని టెన్షన్ పడింది. గాలిలోని ఆక్సిజన్ వల్ల పైపొర అలాగే ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే పోయింది.

భయపడాల్సింది లోపలి పచ్చితనానికి. సరిగా గట్టిపడని జెల్ చర్మానికి తగులుతూ ఉంటే జెల్‌లోని అక్రిలేట్ అనే రసాయనాలకు అలర్జీ రావచ్చు, వస్తే పోదు. కోటు పలచగా వేయడం, చర్మానికి అంటితే ల్యాంప్‌లో పెట్టకముందే పుల్లతో తీసేయడం నాకిప్పుడు అలవాటైంది.

బేస్ కోట్‌కి (రంగు కింద వేసే మొదటి పూత) గోరు చురుక్కుమంది. జెల్ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది మరి. 99 సెకన్ల మోడ్‌లో వెలుతురు మెల్లగా పెరుగుతుంది కాబట్టి బేస్‌కి అదే వాడుతున్నా, రంగుకి 60 సెకన్లు.

2023లో శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు ల్యాబ్‌లో పెంచిన కణాల మీద ఈ వెలుతురు వేసి చూస్తే డీఎన్‌ఏ దెబ్బతింది. మనుషుల చేతుల మీద చేసిన పరీక్ష కాదది. అయినా వేళ్ల చివర్లు తెరిచి ఉన్న గ్లవ్స్ వేసుకోవడానికి ఏం పోయింది? ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ అయినా సరే.

ఇంకా తేలనిది నలుపు రంగు. ఆ పిగ్మెంట్ వెలుతురును లోపలికి దిగనివ్వదు. రెండు పూతల బదులు మరీ పలచగా మూడు వేసి చూడాలి. అప్పటిదాకా ఆ సీసా కిటికీకి దూరంగా అల్మారాలో ఉంటుంది, ఎండ తగిలితే సీసాలోనే గడ్డకడుతుంది.