ఒక జాయ్‌స్టిక్, ఒక బటన్: మా ఇంటి ఆర్కేడ్ క్యాబినెట్

ఆర్కేడ్ క్యాబినెట్, అంటే కాయిన్ వేసి నిలబడి ఆడే వీడియో గేమ్ పెట్టె, ఇంట్లో కట్టుకుందాం అనుకున్నవాళ్ళు ముందు ప్లైవుడ్ కొలతలు వెతుకుతారు. నన్నడిగితే చెక్కపని ఆఖర్న. అసలు మీరు ఏ ఆటలు ఆడతారో ముందు తేల్చుకోండి. మూడోసారి, ముప్ఫయ్యోసారి కూడా విసుగు లేకుండా ఆడేవి ఏవి? ‘అన్నీ ఆడతాను’ అంటే ప్యానెల్ (చేతులతో ఆడే పలక) మీదికి రెండు జాయ్‌స్టిక్‌లు, డజను బటన్లు, దొర్లించే ట్రాక్‌బాల్, తిప్పే స్పిన్నర్ అన్నీ వచ్చి కూర్చుంటాయి. ఇక మణికట్టు ఆనించుకోవడానికి చోటుండదు.

నా లిస్టులో చివరికి మిగిలినవి మూడు: ప్యాక్‌మ్యాన్ (1980), గాలగా (1981), డిగ్ డగ్ (1982). మూడూ నామ్కో కంపెనీవే. మూడూ నిలువు తెర ఆటలే, మూడింటికీ రిజల్యూషన్, అంటే తెర మీది చుక్కల లెక్క, 224 బై 288. ప్యాక్‌మ్యాన్‌కు బటనే అక్కర్లేదు. గాలగాకు కాల్చడానికి ఒకటి, డిగ్ డగ్‌లో శత్రువుల్లోకి గాలి కొట్టడానికి ఒకటి, అంతే. అంటే నా ప్యానెల్‌కు ఒక జాయ్‌స్టిక్, ఒక బటన్ చాలు.

మా తమ్ముడు ఆ డ్రాయింగ్ చూసి, “అక్కా, మరి పంచ్‌లు ఎక్కడ, కిక్‌లు ఎక్కడ?” అన్నాడు. వాడి ప్రాణం స్ట్రీట్ ఫైటర్ 2. అది 1991 నాటిది. మనిషికి ఆరు బటన్లు కావాలి, తెర అడ్డంగా ఉండాలి, జాయ్‌స్టిక్ ఎనిమిది దిక్కులూ తిరగాలి. అన్నిట్లోనూ నా ఆటలకు ఎదురే. రెండింటికీ సరిపోయే పెట్టె కడితే రెండూ అరకొరగానే ఆడతాయని నా అభిప్రాయం. వాడింకా ఒప్పుకోలేదు.

జాయ్‌స్టిక్ విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్యాక్‌మ్యాన్ బాగా ఆడలేకపోతున్నామని బాధపడేవాళ్ళలో చాలామంది విషయంలో తప్పు వాళ్ళది కాదు, స్టిక్‌ది. ఎనిమిది దిక్కుల స్టిక్‌ను కుడి నుంచి పైకి తిప్పేటప్పుడు మధ్యలో ఐమూలగా ఒక క్షణం ఆగుతుంది. అక్కడ కుడి స్విచ్, పై స్విచ్ రెండూ ఒకేసారి నొక్కుకుంటాయి. ఆటకు కావలసింది ఒక్క దిక్కే. మలుపు దగ్గర ఆ తికమక చాలు, వెనక వస్తున్న దెయ్యం పట్టేసుకుంటుంది. నేను పెట్టింది సాన్వా కంపెనీ జేఎల్‌ఎఫ్ జాయ్‌స్టిక్. దాని అడుగున ఒక ప్లాస్టిక్ గేటు ఉంటుంది, స్టిక్ ఎటు ఎంత కదలాలో హద్దు గీసేది అదే. దాన్ని ఊడదీసి 45 డిగ్రీలు తిప్పి బిగిస్తే చదరపు కన్నం కాస్తా డైమండ్ ఆకారానికి వస్తుంది. మూలలు సరిగ్గా పైన, కింద, ఎడమ, కుడి వైపులకు పడతాయి. ఇక ఐమూలకు తోసినా అక్కడికి పోదు. పైసా ఖర్చు లేని మార్పు, ఆట తీరు మాత్రం మొత్తం మారిపోతుంది.

బటన్ ఒకటే అన్నాను గానీ, నిజానికి స్టిక్‌కు అటూ ఇటూ ఒక్కొక్కటి పెట్టాను. రెండూ ఒకే ఇన్‌పుట్‌కు కలిపాను. మా అమ్మాయిది ఎడమచేతివాటం. తను ఎడమ చేత్తో స్టిక్ పడుతుందా, కుడి చేత్తోనా అని అట్టముక్క మీద పరీక్షించి చూస్తే ఆటను బట్టి మారుస్తోంది. ఆ అట్టముక్క సంగతి మర్చిపోకండి. అసలు ప్యానెల్ సైజులో ఒక అట్ట కోసి, కన్నాలు చేసి, స్టిక్కూ బటన్లూ దూర్చి, టేబుల్ అంచున పెట్టి కొన్నాళ్ళు ఆడండి. నిలబడి ఆడే పెట్టెకు ప్యానెల్ ఎత్తు 36 నుంచి 38 అంగుళాలు పెడుతుంటారు, కానీ మీ మోచెయ్యి చెప్పిందే లెక్క. భుజం పైకి లేస్తోందంటే ఎత్తు ఎక్కువైనట్టే.

తెర దగ్గర చాలామంది గమనించనిది ఒకటుంది. మామూలు ఎల్‌సీడీ మానిటర్‌ను నిలువుగా తిప్పి పెట్టేస్తే పనైపోయిందనుకుంటారు. అది టీఎన్ అనే రకం ఎల్‌సీడీ తెర అయితే పై నుంచి, కింది నుంచి చూసినప్పుడు రంగులు పాడవుతాయి. నిలువుగా తిప్పగానే ఆ లోపం పక్కలకు వస్తుంది, పక్కన నిలబడి చూసేవాళ్ళకు బొమ్మ వెలిసిపోయినట్టుంటుంది. ఏ వైపు నుంచి చూసినా రంగులు అంతగా మారని ఐపీఎస్ రకం తీసుకోండి. నాకు దొరికింది పాత 20 అంగుళాల 1600 బై 1200 మానిటర్. నిలబెడితే వెడల్పు 1200, ఎత్తు 1600. 224ను అయిదుతో హెచ్చిస్తే 1120, 288ను హెచ్చిస్తే 1440. రెండూ లోపలే సరిపోయాయి. ఆటలోని ప్రతి చుక్కా అయిదు బై అయిదు గడిగా, అంచులు అలుక్కుపోకుండా కనిపిస్తుంది. చుట్టూ మిగిలిన ఖాళీని నల్ల బెజెల్ (తెర చుట్టూ ఉండే చట్రం) కప్పేస్తుంది. అసలైన సీఆర్‌టీ ట్యూబే (పాత టీవీల్లో ఉండే గాజు తెర) కావాలనేవాళ్ళ మీద నాకు గౌరవమే. కానీ ప్లగ్ తీసేసిన తర్వాత కూడా అందులో ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది. పిల్లలు తిరిగే ఇంట్లో నాకు ఆ సరదా వద్దు.

వైరింగ్ అనగానే భయపడతారు గానీ, మొత్తం పనిలో తేలికైనది అదే. జాయ్‌స్టిక్, బటన్ల కింద ఉండే చిన్న మైక్రోస్విచ్‌కు మూడు కాళ్ళుంటాయి: కామన్, ఎన్‌ఓ (నొక్కితే కలిసేది), ఎన్‌సీ (నొక్కితే విడిపోయేది). మనకు కామన్, ఎన్‌ఓ చాలు. కామన్‌లన్నిటినీ ఒకే నల్ల వైరుతో ఒకదాని నుంచి ఒకదానికి గొలుసులా కలుపుకుంటూ పోయి ఎన్‌కోడర్ (ఏ స్విచ్ నొక్కామో పెట్టెలోని కంప్యూటర్‌కు చెప్పే చిన్న బోర్డు) గ్రౌండ్‌లో పెట్టాలి. ఎన్‌ఓల నుంచి ఒక్కోదానికి ఒక్కో వైరు. టంకం పెట్టకండి, క్లిప్ కనెక్టర్లు వాడండి. రేపు ఒక స్విచ్ పోతే లాగి మార్చుకోవచ్చు. కీబోర్డ్ ఎన్‌కోడర్ తీసుకుంటే కంప్యూటర్‌కు అది మామూలు కీబోర్డే. పాత ఆర్కేడ్ ఆటలను కంప్యూటర్‌లో నడిపే ప్రోగ్రామ్ మేమ్‌లో కాయిన్ వేయడానికి 5 కీ, ఆట మొదలుకు 1 కీ. ఆ కాయిన్ బటన్‌ను ప్యానెల్ అడుగున, బొటనవేలికి అందేచోట దాచాను. ఇంటికి వచ్చినవాళ్ళు దాన్ని వెతుక్కోవాల్సిందే.

మేమ్ 1997 నుంచీ ఉన్న ఉచిత ప్రోగ్రామే. ఆటలు మాత్రం ఉచితం కాదు, వాటి హక్కులు కంపెనీలవి. మేమ్ వాళ్ళ సైట్లోనే రాబీ రోటో లాంటి కొన్ని ఆటలు అనుమతితో ఉచితంగా ఇస్తారు. వైరింగ్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి అవి చాలు.

ఇక చెక్క. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసిన పలక) వాడాను. కోతలు నున్నగా వస్తాయి, పెయింట్ బాగా పడుతుంది, బరువు మాత్రం చెప్పక్కర్లేదు. కోసేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్క్ లేకుండా ముట్టుకోవద్దు. అంత మందం చెక్కకు జాయ్‌స్టిక్ బిగిస్తే పైకి గుండు మాత్రమే కనిపిస్తుంది. అందుకని అడుగు వైపు నుంచి రౌటర్‌తో (చెక్కను తొలిచే కరెంటు పనిముట్టు) గుంట తవ్వి, చెక్క పలచబడిన చోట బిగించాలి. అంచులకు టీ మోల్డింగ్ (చెక్క అంచును కప్పే టీ ఆకారపు ప్లాస్టిక్ పట్టీ) కొట్టడం ఒక్కటే నాకు నిజంగా ముచ్చటగా అనిపించిన చెక్కపని. అంచు పొడవునా సన్నటి గాడి తీసి, రబ్బరు సుత్తితో మెల్లగా కొడుతూ పోతే మోల్డింగ్ దిగుతుంది. వంపుల దగ్గర మాత్రం మోల్డింగ్ వెనక ఉన్న పలక లాంటి భాగాన్ని అక్కడక్కడ త్రికోణంగా కత్తిరించాలి, లేకపోతే పైకి లేచి కూర్చుంటుంది.

వెనక తలుపుకు మేకులు కొట్టకండి, కబ్జాలు పెట్టండి. మీరు అనుకున్నదానికంటే ఎక్కువసార్లు తెరుస్తారు. కింద, పైన గాలి పోవడానికి కన్నాలు వదలండి. పెట్టెను రెండు భాగాలుగా చేసి బోల్టులతో కలపండి, గది తలుపు వెడల్పు కొలిచాకే మొదటి కోత కొయ్యండి. తమ్ముడు ఆరు బటన్ల పెట్టె సొంతంగా మొదలుపెడతానంటున్నాడు. రౌటర్ ఇస్తానన్నాను, అట్టముక్క తెచ్చి చూపిస్తేనే.