పంపు సీల్ మాటిమాటికీ లీకవుతుంటే అసలు కారణం దాకా ఎలా వెళ్ళాం – నా అనుభవం

నేను సాల్వెంట్ రికవరీ సెక్షన్‌లో ఫీల్డ్ ఆపరేటర్‌ని. మా డిస్టిలేషన్ కాలమ్ (లిక్విడ్‌ని మరిగించి సాల్వెంట్‌ని వేరుచేసే టవర్) కింద, అడుగున మిగిలే లిక్విడ్‌ని తోడే బాటమ్స్ పంపులు రెండు ఉంటాయి, ఒకటి నడుస్తుంటే ఇంకోటి స్టాండ్‌బై. వీటిలో ఒకటో నంబర్ పంపుకి మెకానికల్ సీల్ (షాఫ్ట్ పక్కనుంచి లిక్విడ్ బయటికి రాకుండా ఆపేది) నిలవదు. కొత్త సీల్ వేస్తారు, కొన్ని వారాలు బానే ఉంటుంది, తర్వాత గ్లాండ్ (సీల్‌ని పట్టి ఉంచే మూత) దగ్గర చుక్క మొదలవుతుంది, చుక్క కాస్తా ధార అవుతుంది, రెండో పంపుకి మార్చేసి మెకానికల్ వాళ్ళకి మళ్ళీ జాబ్ రాస్తాం. రెండో పంపు కూడా అదే మోడల్, అదే సీల్, అదే లిక్విడ్, దానికి మాత్రం ఏ గొడవా లేదు. ఈ బాధ చాలా ప్లాంట్లలో ఉంటుంది కాబట్టి మేం దీన్నుంచి ఎలా బయటపడ్డామో మొత్తం రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది.

ముందు సీల్ గురించి రెండు మాటలు, ఎందుకంటే ఇది తెలీకపోతే మిగతాది అర్థం కాదు. షాఫ్ట్‌తో పాటు తిరిగే ఫేస్ ఒకటి, గ్లాండ్‌లో కదలకుండా ఉండే ఫేస్ ఒకటి, మా దాంట్లో ఒకటి కార్బన్, ఇంకోటి సిలికాన్ కార్బైడ్. ఈ రెండిటి మధ్య కంటికి కనపడనంత సన్నటి లిక్విడ్ పొర ఉంటుంది, అదే వాటిని అరిగిపోకుండా కాపాడేది. ఆ ఫేసులు ఎంత చదునుగా ఉండాలంటే దాన్ని హీలియం లైట్ బ్యాండ్‌లలో కొలుస్తారు, ఒక్క బ్యాండ్ అంటే సుమారు 0.29 మైక్రాన్. అంత సున్నితమైన చోట షాఫ్ట్ కాస్త ఊగినా, కేసింగ్ కాస్త మెలి తిరిగినా, లోపల లిక్విడ్ ఆవిరైనా, ముందు దెబ్బ తినేది సీలే. అందుకే ప్రతిసారీ "సీల్ క్వాలిటీ బాలేదు, వేరే కంపెనీది తెప్పించండి" అనే మాట వినపడుతుంది, నాకు ఆ మాట అంటేనే ఒళ్ళు మండుతుంది, పక్కనున్న రెండో పంపులో అదే సీల్ హాయిగా నడుస్తోంది కదా.

మెకానికల్ వాళ్ళు మొదట మా ఆపరేషన్‌నే అనుమానించారు, అది సహజమే. కాలమ్ బాటమ్‌లో లిక్విడ్ దాని మరిగే పాయింట్ దగ్గరే ఉంటుంది కాబట్టి ప్రెజర్ కొంచెం పడితే చాలు పంపు సక్షన్‌లో (లిక్విడ్ లోపలికి వచ్చే వైపు) ఆవిరైపోతుంది. పంపుకి కావాల్సిన ఎన్‌పీఎస్‌హెచ్ (లిక్విడ్ ఆవిరవ్వకుండా సక్షన్‌లో ఉండాల్సిన అదనపు ప్రెజర్) అంతా కాలమ్ లెవెల్‌కీ పంపుకీ మధ్య ఉన్న ఎత్తు నుంచే రావాలి, అందులోంచి లైన్‌లో ఘర్షణకి పోయేది తీసెయ్యాలి. లెవెల్ తక్కువలో నడిపినా, స్ట్రైనర్ (సక్షన్‌లో ఉండే జల్లెడ) చోక్ అయినా కేవిటేషన్ (ఆవిరి బుడగలు పుట్టి పగలడం) మొదలవుతుంది, అప్పుడు పంపు లోపల గులకరాళ్ళు పోసి తిప్పినట్టు చప్పుడొస్తుంది, ఒక్కసారి విన్నవాళ్ళు మర్చిపోరు. మేం లెవెల్ సెట్ పాయింట్ పెంచి చూశాం, స్ట్రైనర్ విప్పి కడిగాం, సక్షన్ గేజ్‌ని రెండో పంపుతో పోల్చి చూశాం. చప్పుడు లేదు, మోటర్ ఆంప్స్ ఊగట్లేదు, డిశ్చార్జ్ ప్రెజర్ నిలకడగా ఉంది. లాగ్ షీట్లు పాతవి కూడా తిరగేసి ఆ మాటే చెప్పాం. ఇక్కడ ఆపరేటర్లందరికీ చెప్పేదేంటంటే గంటగంటకీ రీడింగ్ నిజంగా పంపు దగ్గరికెళ్ళి రాస్తేనే ఇలాంటప్పుడు మన మాటకి విలువుంటుంది.

సీల్‌లో ఉండే ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు రింగు) సంగతి కూడా చూశాం. వైటాన్ రబ్బరు రింగులు చాలా వాటికి పనికొస్తాయి గానీ అసిటోన్ లాంటి కీటోన్‌లలో ఉబ్బిపోతాయి, ఈపీడీఎమ్ రబ్బరు కీటోన్‌లకి తట్టుకుంటుంది కానీ హైడ్రోకార్బన్ నూనెలు తగిలితే పాడవుతుంది. మా దాంట్లో నీళ్ళు ఎక్కువ, అసిటోన్ కొద్దిగా, వేసింది ఈపీడీఎమ్. తీసిన రింగులు ఉబ్బలేదు, గట్టిపడలేదు, పగుళ్ళు లేవు, అంటే కెమికల్‌తో కానీ వేడితో కానీ వచ్చిన దెబ్బ కాదు.

అసలు మలుపు మా సీనియర్ ఫిట్టర్ అన్న వల్ల వచ్చింది. "పాత సీళ్ళు ఏవి తమ్ముడూ" అని అడిగాడు, అవన్నీ స్క్రాప్‌లోకి పోయాయని చెప్తే చాలా బాధపడ్డాడు. ఆ తర్వాత పోయిన సీల్‌ని మాత్రం పారెయ్యనివ్వలేదు, కడిగి టేబుల్ మీద పెట్టి మమ్మల్నందర్నీ పిలిచి చూపించాడు. సిలికాన్ కార్బైడ్ ఫేస్ మీద కార్బన్ రాసుకున్న చారిక ఉంటుంది కదా, అది కార్బన్ ముక్కు వెడల్పంతే ఉండాలి. మా దాని మీద అంతకంటే బాగా వెడల్పుగా ఉంది. అంటే తిరిగే ఫేస్ తన కేంద్రం మీద తిరగకుండా పక్కకి ఊగుతూ తిరిగింది అన్నమాట. డ్రైగా నడిస్తే వేడికి సన్నటి బీటలు కేంద్రం నుంచి బయటికి గీతల్లా వస్తాయి, అవి లేవు. "ఇది సీల్ జబ్బు కాదు, ఎవరో పంపుని నెడుతున్నారు" అన్నాడు. బేరింగులు కొత్తవే, షాఫ్ట్ రనౌట్ (తిరిగేటప్పుడు ఎంత ఊగుతోందో ఆ కొలత) ఇదివరకే చూశారు, 0.05 మి.మీ. లోపే ఉంది. ఇక మిగిలింది అలైన్‌మెంట్ (మోటర్, పంపు షాఫ్ట్‌లు ఒకే గీతలో ఉండటం), పైపు.

మళ్ళీ లీక్ అయ్యాక ఈసారి జాబ్‌ని వేరేలా చేశాం. నా వంతు ఐసోలేషన్. మోటర్ బ్రేకర్ ఆఫ్ చేయించి ఎలక్ట్రికల్ వాళ్ళ తాళం, మెకానికల్ తాళం, నా తాళం వేశాం, తర్వాత లోకల్ స్టార్ట్ బటన్ నొక్కి తిరగట్లేదని చూశాం. సక్షన్, డిశ్చార్జ్ వాల్వులు మూసి, క్లోజ్డ్ డ్రెయిన్‌లోకి ఖాళీ చేసి, నీళ్ళతో ఫ్లష్ చేసి, నైట్రోజన్ పట్టించాం. గేజ్ సున్నా చూపించిందని నేనెప్పుడూ నమ్మను, ఆ గేజ్ ట్యాపింగే చోక్ అయ్యుండొచ్చు, అందుకే డ్రెయిన్ తెరిచి చాలాసేపు ఉంచి వాల్వ్ పాస్ కావట్లేదని (మూసినా లోపల్నుంచి లిక్విడ్ జారట్లేదని) కన్ఫర్మ్ చేసుకున్నాకే పర్మిట్ మీద సంతకం పెట్టా. ఈ కాగితాల పని విసుగనిపించేవాళ్ళకి పైపర్ ఆల్ఫా గురించి చెప్తుంటా. 1988 జూలై 6న నార్త్ సీలో ఆ ప్లాట్‌ఫామ్ మీద ఒక కండెన్సేట్ పంపు రిలీఫ్ వాల్వ్ మెయింటెనెన్స్ కోసం విప్పి ఉంది, ఆ చోట మూత మాత్రమే పెట్టారు, ఆ సంగతి రాత్రి షిఫ్ట్‌కి అందలేదు, ఇంకో పంపు ఆగిపోతే దీన్ని స్టార్ట్ చేశారు. 167 మంది చనిపోయారు. షిఫ్ట్ మారేటప్పుడు ఏ పంపు ఏ స్థితిలో ఉందో నోటితోనూ చెప్పాలి, రాతలోనూ ఉండాలి, ఈ విషయంలో నేను రాజీ పడను.

సక్షన్ బోల్టులు ముట్టుకోకముందే అన్న కప్లింగ్ స్పేసర్ (మోటర్‌నీ పంపునీ కలిపే ముక్క) తీయించి, మోటర్ హబ్ మీద బ్రాకెట్ కట్టి పంపు హబ్ మీద రెండు డయల్ గేజులు (కదలికని ముల్లుతో చూపించేవి) ఆనించాడు, ఒకటి నిలువుకి, ఒకటి అడ్డానికి, రెండూ సున్నా చేశాడు. తర్వాత ఫ్లాంజ్ బోల్టులు నిదానంగా లూజ్ చేయించాడు, మనకి దూరంగా అవతలి వైపు ఉన్నవి ముందు, లోపల ఏమైనా మిగిలుంటే మన మొహం మీదకి కాకుండా అటు పోవాలని. పైపు లాగకుండా ఉంటే ముల్లు 0.05 మి.మీ. కంటే కదలకూడదు. నిలువు ముల్లు కొంచెం కదిలింది. అడ్డం ముల్లు 0.3 దాటిపోయింది, పైపు ఒక పక్కకి జరిగి ఫ్లాంజ్ హోల్స్ కలవకుండా అయ్యాయి. ఆ ముల్లు తిరుగుతుంటే మేమంతా నోరెళ్ళబెట్టుకుని చూస్తున్నాం, ఇన్నాళ్ళూ మంచిగా అలైన్‌మెంట్ చేసి ఇచ్చిన పంపుని ఆ పైపే నెట్టేస్తోంది.

మరి పైపు ఎందుకు నెడుతోంది? డ్రాయింగ్ పట్టుకుని పంపు దగ్గర్నుంచి కాలమ్ దాకా లైన్ వెంబడి నడిచాం. రెండో పంపు నడుస్తోంది కాబట్టి హెడర్ (రెండు పంపులకీ వెళ్ళే మెయిన్ లైన్) అంతా వేడిగానే ఉంది. ఒకటో పంపు బ్రాంచ్‌కి కాస్త పైన హెడర్‌ని మోసే స్ప్రింగ్ హ్యాంగర్ ఉంది, దాని మీద కోల్డ్, హాట్ అని రెండు గుర్తులు ఉంటాయి. లైన్ కాలిపోతోంది, పాయింటర్ మాత్రం కోల్డ్ గుర్తు మీదే ఉంది. దగ్గరికెళ్ళి చూస్తే ట్రావెల్ స్టాప్ పిన్ ఇంకా అందులోనే ఉంది! హైడ్రో టెస్ట్ (లైన్‌లో నీళ్ళు నింపి ప్రెజర్‌తో పరీక్షించడం) చేసేటప్పుడు నీళ్ళ బరువుకి స్ప్రింగ్ కుంగకుండా ఆ పిన్ పెడతారు, టెస్ట్ అయ్యాక తీసెయ్యాలి. తీయలేదు కాబట్టి అది స్ప్రింగ్‌లా కాకుండా ఇనప కడ్డీలా లైన్‌ని పట్టేసింది, వేడికి పెరిగిన పైపు అటు వెళ్ళలేక పంపు వైపు తన్నుకొచ్చింది. రెండో పంపు బ్రాంచ్‌లో ఒక బెండ్ ఎక్కువుంది, ఆ బెండ్ వంగి ఆ తోపుని తీసేసుకుంది, అందుకే దానికి ఏమీ కాలేదు. ఇన్నాళ్ళ ప్రశ్నకి జవాబు అక్కడ దొరికింది.

పిన్ కనపడగానే సుత్తితో కొట్టి తీసేద్దాం అన్నాడొకతను, అన్న గట్టిగా ఆపాడు. పిన్ మీద లోడ్ ఉన్నప్పుడు కొట్టి తీస్తే లైన్ ఒక్కసారిగా కదులుతుంది, ప్రాణం మీదకొస్తుంది. పైపింగ్ ఇంజనీర్ వచ్చి చూసి కాలమ్ ఆపేదాకా వెయిట్ చేద్దాం అన్నారు. అప్పటిదాకా రెండో పంపు ఒక్కదాన్నే కళ్ళలో పెట్టుకుని చూసుకున్నాం. కాలమ్ ఆగి చల్లారాక టర్న్‌బకుల్ (హ్యాంగర్ కడ్డీ పొడవు సరిచేసే మర) తిప్పి లోడ్ సరిచేస్తే పిన్ చేత్తోనే వచ్చేసింది. తర్వాత సక్షన్ ఫ్లాంజ్ కూడా చెయిన్ బ్లాక్‌తో లాగకుండానే ఎదురెదురుగా వచ్చి నిలబడింది, గ్యాస్కెట్ వేసి బోల్టులు చేత్తో దూర్చగలిగాం. మళ్ళీ డయల్ పెట్టి బిగించి చూశారు, లిమిట్ లోపలే ఉంది.

అలైన్‌మెంట్‌లో కూడా ఒక విషయం నేర్చుకున్నా. ఉక్కు మీటరుకి ఒక్కో డిగ్రీకి దాదాపు 0.012 మి.మీ. పెరుగుతుంది. పంపు కాళ్ళ నుంచి షాఫ్ట్ దాకా 250 మి.మీ. ఎత్తుంటే, అది 80 డిగ్రీలు వేడెక్కితే షాఫ్ట్ 0.24 మి.మీ. పైకి లేస్తుంది. కాళ్ళు అంతగా వేడెక్కవు కాబట్టి నిజంగా లేచేది ఇంకొంచెం తక్కువ, మోటర్ కూడా కొంత లేస్తుంది, ఈ తేడా లెక్కేసుకుని చల్లగా ఉన్నప్పుడే మోటర్ కింద ఆ మేరకు షిమ్ (పల్చటి లోహపు రేకు) ఎక్కువ పెట్టాలి. ఇది కాకుండా సాఫ్ట్ ఫుట్ (బేస్ మీద సరిగ్గా ఆనని కాలు) ఉందేమో ఒక్కో కాలు బోల్ట్ లూజ్ చేసి చూశారు, ఒక కాలు కింద సందు కనపడితే దాన్నీ షిమ్‌తో నింపారు.

కొత్త కార్ట్రిడ్జ్ సీల్ (ముందే కూర్చి ఒకే సెట్‌గా వచ్చేది) ఎక్కించేటప్పుడు ఫేసులని చేత్తో ముట్టుకోలేదు, ఈపీడీఎమ్ రింగులకి సిలికాన్ గ్రీజే రాశారు, మామూలు గ్రీజ్ పెట్రోలియంది కాబట్టి అది తగలకూడదు. గ్లాండ్ నట్లు సమానంగా బిగించాలి, తర్వాత కాలర్ సెట్ స్క్రూలు బిగించాలి, ఆఖర్న సెట్టింగ్ క్లిప్పులు పక్కకి తిప్పెయ్యాలి, ఈ వరస తప్పకూడదు. అయ్యాక షాఫ్ట్‌ని చేత్తో తిప్పి ఎక్కడా పట్టట్లేదని చూశారు.

స్టార్టప్ మళ్ళీ నా పని. కప్లింగ్ వెయ్యకముందే మోటర్ ఒక్కదాన్నే తిప్పి డైరెక్షన్ చూసుకున్నాం. కాలమ్ మళ్ళీ లైన్‌లోకొచ్చాక రెండో పంపునే ముందు నడిపి, ఒకటో దాని సక్షన్ పూర్తిగా తెరిచి, కేసింగ్‌లోనూ సీల్ చాంబర్‌లోనూ ఉన్న గాలంతా క్లోజ్డ్ వెంట్‌లోకి పోయేదాకా వదిలి, చెక్ వాల్వ్ (లిక్విడ్ వెనక్కి రాకుండా ఆపేది) పక్కనున్న చిన్న బైపాస్ నుంచి వేడి లిక్విడ్‌ని నెమ్మదిగా వెనక్కి పంపించి పంపుని వేడి చేశా. చల్లటి పంపులోకి ఒక్కసారిగా వేడి లిక్విడ్ వదిలితే కేసింగ్ ఒకవైపే పెరిగి మెలి తిరుగుతుంది, కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు, కంట్రోల్ రూమ్ ప్యానెల్ నుంచి ఎంత ఒత్తిడి చేసినా సరే. తర్వాత డిశ్చార్జ్ కొంచెం తెరిచి స్టార్ట్ చేసి, ఆంప్స్ చూస్తూ మిగతాది తెరిచా. వేడెక్కాక స్ప్రింగ్ దగ్గరికెళ్ళి చూస్తే పాయింటర్ హాట్ గుర్తు దగ్గరికి వచ్చేసింది, నాకు ఎంత ఆనందమేసిందో చెప్పలేను.

వైబ్రేషన్ వాళ్ళు వచ్చి కొలిస్తే ఇదివరకు షాఫ్ట్ వెంబడి, స్పీడుకి రెండింతల ఫ్రీక్వెన్సీలో కనపడే పీక్ బాగా తగ్గిపోయింది. ఇది రాసేటప్పటికి సీల్ దగ్గర చుక్క లేదు, పాత సీళ్ళు పోయే టైమ్ ఎప్పుడో దాటిపోయింది. ప్లాంట్‌లో ఉన్న స్ప్రింగ్ హ్యాంగర్లన్నిటికీ ఒక లిస్ట్ రాయించాం, షట్‌డౌన్ తర్వాత స్టార్టప్ చెక్‌లిస్ట్‌లో పిన్ తీశారా, వేడెక్కాక పాయింటర్ ఎక్కడుంది అనే రెండు లైన్లు కలిపారు. పాత సీళ్ళు ఇప్పుడు స్క్రాప్‌లోకి నేరుగా పోవు, పంపు నంబరు, తీసిన తేదీ రాసి కవర్‌లో వేసి వర్క్‌షాప్ ర్యాక్‌లో పెడుతున్నారు, కొత్త సీల్ అడిగినప్పుడు పాతది పక్కన పెట్టి చూస్తేనే స్టోర్స్ స్లిప్ మీద సంతకం పడుతుంది.