భాష: తెలుగు

“చీర పెట్టి పాన్ కార్డు అడుగుతారేటమ్మా? మీ బెజవాడలో అలాగేనా?”

ఒడిశాలోని బరంపురంలో ఉద్యోగానికొచ్చిన మూడో నెలలో ఒక పిన్నిగారు నన్ను అన్న మాట ఇది. ఆవిడ వంట వీడియోలు తీస్తుంది, సగం తెలుగు, సగం ఒడియా. మా పీఆర్ ఏజెన్సీకి ఒక పట్టుచీరల కొట్టు క్లయింట్. ఆ కొట్టు చీర కట్టుకుని ఆవిడ ఒక వీడియో చెయ్యాలి.

పాన్ సంగతి చెప్పడం తేలికే. 2022 జూలై నుంచి, ఇలా ఒకరికి ఏడాదిలో ఇచ్చిన వస్తువుల విలువ 20 వేలు దాటితే 10 శాతం టీడీఎస్, అంటే ముందుగానే పన్ను, వాళ్ల పాన్ మీద కట్టాలి. ఊరికే ఇచ్చిన చీరైనా వీడియోలో ప్రకటన అని చెప్పాలి. ఆవిడ విని తలూపింది. బొట్టయినా పెట్టకుండా కొరియర్‌లో చీర పంపినందుకు మాత్రం నా దగ్గర జవాబు లేదు.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. “నువ్వు పంపినవేవీ నేను సదవలేదు. నాకు తెలుగు సదవడం రాదు కదా.”

మేం ఇన్‌ఫ్లుయెన్సర్లందరినీ ఒక సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకుంటాం. మనిషికో కార్డు. ఫాలోయర్లెంతమంది, వీడియోకి ఎంత అడుగుతారు, చివరిసారి ఎప్పుడు మాట్లాడాం, అన్నీ అందులోనే. భాష అని ఒక గడి ఉంటుంది. వీడియోలు విని ‘తెలుగు’ అని పెట్టేశాను. ఇక సాఫ్ట్‌వేర్ తెలుగు మెసేజ్ తీసి, పేరు అతికించి పంపింది. మూడు రోజులకో రిమైండర్, వారానికి ఇంకోటి. జవాబు రాకపోయేసరికి కార్డు దానంతటదే ‘స్పందన లేదు’ వరసలోకి జారిపోయింది. దాని కింద నేను నా చేత్తో “రిప్లై ఇవ్వదు. పొగరు” అని రాశాను. ఆఫీసులో మిగతావాళ్లకు అర్థం కాకూడదని ఇలాంటివి తెలుగులోనే రాసుకోవడం నాకలవాటు.

నాకెలా తెలుస్తుంది? మా ఊళ్లో తెలుగు మాట్లాడేవాళ్లు తెలుగు చదువుతారు. అనుకుంటాం గానీ, ఇంగ్లిష్ మీడియంలో చదివే మా అన్నయ్య కొడుక్కి బస్సు మీద బోర్డు చదవడం రాదు. పిన్నిగారి తాతలు మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టారు. 1936లో ఒడిశా ఏర్పడి, బరంపురం ఉన్న గంజాం జిల్లా ఇటు వచ్చింది. ఆవిడ బడి ఒడియాలో సాగింది, ఇంట్లో తెలుగు మిగిలింది.

సాఫ్ట్‌వేర్‌ని తిట్టబుద్ధి కాదు. బెజవాడలో ఎక్సెల్ రోజుల్లో, ఒకే అమ్మాయికి నేనొక రేటు, నా పక్క సీటు ఆవిడ ఇంకో రేటు చెప్పి పరువు పోగొట్టుకున్నాం. అయినా రాసిపెట్టుకోవడం మనకు కొత్తా? మా అమ్మ బీరువాలో చదివింపుల పుస్తకం ఇప్పటికీ ఉంది. ఎవరు ఎంత చదివించారో చూడకుండా అమ్మ ఏ పెళ్లికీ బయల్దేరదు. కాకపోతే అందులో పేరు, అంకె తప్ప ఇంకేం ఉండవు. నూటపదహార్లు చదివించినవాళ్ల పక్కన ‘పిసినారి’ అని అమ్మ ఎన్నడూ రాయలేదు. నోటితో అనేది, అది వేరు.

ఇప్పుడు కార్డులో రెండు గడులు పెట్టించాను, మాట్లాడేది, చదివేది అని. చాలామందికి వాయిస్ మెసేజే పంపుతున్నాను.

ఆ రోజు మాత్రం ఇంకొకటి జరిగింది. “నా గురించి ఏటి రాసుకున్నారో చూపించు” అంది పిన్నిగారు. ఫోన్ తిప్పాను. ఆవిడకు చదవడం రాదన్న ధైర్యంతోనే తిప్పాను. ఫాలోయర్ల లెక్క చదివాను, వంటలు బాగా చేస్తారని లేనిది కూడా కలిపి చదివాను.

ఆవిడ తెర మీద వేలు పెట్టింది. “మరి కింద ఇంకో వరస ఉంది కదా?”

“అది పాతది పిన్నీ,” అన్నాను.

“పాతదైతే తీసెయ్,” అని కాఫీ పెట్టడానికి లోపలికెళ్లింది.