అవ్వ కుడిచెయ్యి

మా అవ్వ పోయి ఏడాది దాటింది. ఇప్పటికీ ఆమె కుడిచెయ్యే కళ్ల ముందు మెదులుతుంది. పక్షవాతం వచ్చాక కర్నూలులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో 19 రోజులు వెంటిలేటర్ మీద ఉంది, ఎడమ పక్క పడిపోయింది, ఆడే ఆ ఒక్క చెయ్యితో నోట్లో గొట్టం పీకేసుకుంటోందని దాన్ని గాజుగుడ్డతో మంచం కడ్డీకి కట్టేశారు. లోపలికి పంపే పది నిమిషాలూ ఆ కట్టు కింద ఒరుసుకుపోయిన చోట కొబ్బరినూనె రాస్తూ ఉండేవాణ్ణి. "కాలూ చెయ్యీ ఆడుతుండగానే పోవాలప్పా, మన పడసాలలోనే పోవాలి" అని ఎన్నిసార్లు అనిందో!

కిడ్నీలు కూడా పోయాయి, ఇక కోలుకోదని డాక్టరు చెప్పిన రోజు, మిషన్ తీసేయమని అడుగుదామా అన్నాను. చిన్నాయన నా మీదికి లేచాడు. "మా అమ్మను చంపమంటావేం రా?" ఆ మాటతో అందరి నోళ్లూ పడిపోయాయి.

చంపడం వేరు చిన్నాయనా. సూది వేసి ప్రాణం తీయడం మన దేశంలో ఇప్పటికీ నేరమే. కానీ ఫలితం లేని చికిత్స ఆపొచ్చని 2011లో, ఏళ్ల తరబడి మంచాన పడి ఉన్న ముంబై నర్సు అరుణా శాన్‌బాగ్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది, అప్పట్లో హైకోర్టు అనుమతి కావాలి. 2018 మార్చి 9న ఐదుగురు జడ్జీలు గౌరవంగా చనిపోవడం కూడా రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని, లివింగ్ విల్, అంటే కోలుకోలేని స్థితి వస్తే ఏ చికిత్స వద్దో చెప్పే కాగితం, ముందే రాసిపెట్టుకోవచ్చని తీర్పిచ్చారు. 2023లో దాన్ని ఇంకా సులువు చేశారు, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఉంటే చాలు. ఆ తర్వాత కూడా ఆస్పత్రిలో డాక్టర్ల బోర్డులు రెండు ఒప్పుకోవాలి.

అట్లని వద్దనేవాళ్ల భయం ఉత్తదని నేననను. ఆస్తి కోసం, ఖర్చు కోసం ముసలోళ్లను వదిలించుకునేవాళ్లు లేరా? డబ్బులైపోగానే "మా ఇష్టంతోనే తీసుకుపోతున్నాం" అని సంతకం పెట్టి, అంబులెన్సులో గాలిసంచి చేత్తో నొక్కుకుంటూ ఊరికి తెచ్చుకునేవాళ్లను మా సీమలో ఎవరు చూడలేదు? అక్కడ పేషెంటు ఏం కోరుకుందో అడిగే తీరికే ఉండదు, బిల్లే అన్నీ తేల్చేస్తుంది. అందుకే బాగున్నప్పుడే మన మాట మనమే రాసిపెట్టాలంటున్నాను.

పోయిన నెల అనంతపురంలో నోటరీ దగ్గర నాది రాయించుకున్నా. అమ్మ చూసి, "నిండు ప్రాణంతో ఉండి ఇదేం రాతలు రా" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. రాత్రి అన్నం పెడుతూ అడిగింది.

"దాంట్లో నొప్పికిచ్చే మందు కూడా ఆపేస్తారా?"

"లేదమ్మా, అది ఆపరు."

కాసేపు ఊరకుండి, "అయితే నాకూ ఒకటి రాయించు. చెయ్యి కట్టొద్దని కూడా రాయి" అనింది.