మాంచెస్టర్‌లో మగ్గం చప్పుడు

మాంచెస్టర్ వెళ్తున్నానంటే చాలు, గొడుగు మర్చిపోకు అని అందరూ చెప్పారు. నిజమే, దిగిన దగ్గర్నుంచీ ముసురే. కానీ ఆ ఊరి పుట్టుపూర్వోత్తరాలన్నీ ఆ ముసురులోనే ఉన్నాయి. గాలిలో తడి ఉంటే నూలు పోగు తెగదు. దానికి తోడు పెనైన్ కొండల మీంచి దిగే వాగులు, చేరువలోనే బొగ్గు, పక్కనే లివర్‌పూల్ రేవు. ఇంకేం కావాలి! మాది చీరాల, నేత కుటుంబం. ఈ లెక్క నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

మా చెల్లెలి కాపురం అక్కడే. మా మరిది మాత్రం ఓల్డ్ ట్రాఫర్డ్ చూపించాలని ఉబలాటపడ్డాడు. "వదినా, ఇంత దూరం వచ్చి పాత మిల్లులు చూస్తానంటారేంటి? మిల్లులు మన గుంటూర్లో లేవా?" అని ఒకటే గొడవ. చివరికి రాజీ కుదిరింది: స్టేడియం అతనూ పిల్లలూ, మిల్లులు నేనూ చెల్లెలూ.

ముందుగా కాసిల్‌ఫీల్డ్. ఊరు మొదలైంది ఇక్కడే. క్రీ.శ. 79 ప్రాంతంలో రోమన్లు కట్టిన కోట ఉన్న చోటు. ఇప్పుడు కనిపించే కోట గోడ ఈ మధ్య తిరగకట్టిందే కాబట్టి దాని దగ్గర ఎక్కువసేపు నిలబడలేదు. పక్కనున్న కాలువ అసలు విశేషం. వర్‌స్లీలోని తన గనుల బొగ్గును పడవల మీద తేవడానికి బ్రిడ్జ్‌వాటర్ డ్యూక్ తవ్వించిన ఆ కాలువ 1761లో మొదలైంది. ఊళ్ళో బొగ్గు ధర సగానికి పడిపోయిందట. నాలుగడుగులు వేస్తే లివర్‌పూల్ రోడ్డు స్టేషన్. ఊళ్ళ మధ్య ఆవిరి రైళ్ళ మీద జనాన్ని తిప్పిన మొదటి రైలు మార్గం 1830 సెప్టెంబరు 15న ఇక్కడికే వచ్చింది. ప్రారంభోత్సవం రోజునే విలియం హస్కిసన్ అనే ఎంపీ ఇంజను కిందపడి చనిపోయాడు. ప్రయాణికులకు ఈ స్టేషన్ పనికొచ్చింది 1844 దాకానే, ఆ తర్వాత అంతా సరుకుల రైళ్ళే. ఫస్ట్ క్లాసు వాళ్ళ గుమ్మం మీద ఒక ఎండ గడియారం ఉంది. ఆ ఊళ్ళో దాన్ని పెట్టించినవాడి ఆశాభావానికి దండం పెట్టాలి.

మర్నాడు క్వారీ బ్యాంక్ మిల్లుకు వెళ్ళాం. ఊరికి దక్షిణాన, విమానాశ్రయం పక్కనే, బోలిన్ అనే చిన్న నది ఒడ్డున 1784లో శామ్యూల్ గ్రెగ్ కట్టించిన నూలు మిల్లు. నెత్తిమీద విమానాలు దిగుతుంటాయి, కింద నీటి చక్రం తిరుగుతుంటుంది. లోపల మ్యూల్ అనే నూలు వడికే యంత్రాన్ని నడిపి చూపించారు. బోల్టన్‌కు చెందిన శామ్యూల్ క్రాంప్టన్ 1779లో తయారుచేసిన పద్ధతి ఇది. చక్రాల బండి లాంటి చట్రం మనవైపు వస్తూ వందల పోగుల్ని ఒక్కసారే సాగదీసి పురి పెడుతుంది, వెనక్కి వెళ్తూ కండెలకు చుట్టుకుంటుంది. అది కదులుతుండగానే పిల్లలు కింద దూరి, రాలిన దూది ఏరాలి. ఆ సందెంతో చూద్దామని వంగాను. మా చెల్లెలి చిన్న కొడుక్కి ఆరేళ్ళు, వాడైతే పడతాడు.

ఆ పిల్లలుండే ఇల్లు మిల్లుకు కాస్త ఎగువన ఉంది. అనాథల్నీ, పేదల సత్రాల్లోని పిల్లల్నీ ఒప్పందం రాయించుకుని తెచ్చేవారు. ఒక దశలో 90 మంది దాకా ఉన్నారు. పన్నెండు గంటలకు పైగా పని. గట్టిగా కాచిన జావను పనిచేసే చోటే చేతిలో పెట్టేవారట. 1806లో థామస్ ప్రీస్ట్‌లీ అనే పదమూడేళ్ళ కుర్రాడు తల్లిని చూడాలని ఇక్కణ్ణుంచి లండన్‌కు పారిపోయాడు. అప్పటికే యంత్రంలో పడి వాడి వేలు ఒకటి పోయింది. మేజిస్ట్రేటు ముందు వాడు చెప్పిన వాంగ్మూలం ఉండబట్టే ఇవాళ వాడి పేరైనా మనకు తెలుస్తోంది. గ్రెగ్‌ను ఆ కాలపు యజమానుల్లో మంచివాడి కిందే లెక్కవేస్తారు. పిల్లలకు డాక్టరును పెట్టాడు, కాస్త చదువూ చెప్పించాడు. ఆయన కుటుంబానికి డొమినికా దీవిలో బానిసలతో సాగుచేయించే తోట కూడా ఉండేది.

మాంచెస్టర్ గుడ్డలు మన నేతగాళ్ళ పొట్టకొట్టాయని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాం. అబద్ధమేమీ కాదు. మచిలీపట్నం అద్దకం బట్టలకు ఇంగ్లండులో గిరాకీ పెరిగిపోయి, వాటిని కట్టుకోవడమే నేరమని 1721లో చట్టం తెచ్చారు. ఇక్కడి మిల్లులు బలిశాక మాత్రం స్వేచ్ఛా వాణిజ్యం అన్నారు. 1896లో మన దేశంలోని మిల్లు బట్ట మీదే మూడున్నర శాతం పన్ను వేయించుకున్నారు, ఎక్కడ మాంచెస్టర్ చుట్టుపట్ల ఉన్న లాంకషైర్ మిల్లులకు పోటీ వస్తుందోనని. కానీ ఆ మ్యూల్ ముందు నిలబడితే నాకు ఇంకొకటి తోచింది. మగ్గం ఎలాగోలా బతికింది. మిల్లు నూలు కొనుక్కుని మా వాళ్ళు నేశారు. ముందు పోయింది రాట్నం. అంటే ఇంట్లో కూర్చుని వడికే ఆడవాళ్ళ సంపాదన. మా ఇంట్లో ముత్తాత నేసిన పంచెల కథలు బోలెడు చెబుతారు. ముత్తవ్వ ఏం వడికిందో ఒక్కరూ చెప్పరు. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకి, సన్న నూలు వడికే ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి ఆ పని ఎలా ఉండేదో ఊహించుకోగలం.

మగ్గాల గదిలో ఉన్నవాటిలో ఒక్కటే నడిపారు. చెవులు గింగురుమన్నాయి. అలాంటివి వందలు ఒక్కసారే నడిస్తే మాట వినపడదు కాబట్టి ఆడవాళ్ళు పెదవుల కదలికతోనే కబుర్లు చెప్పుకునేవారట. పోగును అడ్డంగా మోసుకెళ్ళే నాడెలో దారం ఎక్కించడానికి కంతకు నోరు పెట్టి పీల్చేవారు. దూది ధూళి తిన్నగా ఊపిరితిత్తుల్లోకే. ఇక తాడు లాగితే నాడె అటూ ఇటూ పరుగెత్తే పద్ధతి, మా ఇంటి గుంటమగ్గంలో ఉన్నదే, 1733లో కనిపెట్టింది జాన్ కే. ఆయనది మాంచెస్టర్ పక్కనున్న బరీ. మన జిల్లాల్లో అది వ్యాపించింది ఇరవయ్యో శతాబ్దం మొదట్లో. ఇన్నాళ్ళూ అది మనదే అనుకున్నాను.

తిరిగి ఊళ్ళోకి వచ్చాక చీథమ్స్ లైబ్రరీ. 1653 నాటిది, ముందే బుక్ చేసుకుంటే గైడ్ వెంట తిప్పుతారు. 1845 వేసవిలో మార్క్స్, ఎంగెల్స్ కూర్చుని చదువుకున్న కిటికీ పక్క బల్ల అలాగే ఉంది. రంగు అద్దాల వల్ల అక్కడ ఎప్పుడూ ఎండ కాసినట్టే ఉంటుందని ఎంగెల్స్ తర్వాతెప్పుడో మార్క్స్‌కు ఉత్తరం రాశాడు. ఎంగెల్స్ తండ్రికి ఇక్కడి నూలు మిల్లులో వాటా. మార్క్స్ ఇల్లు గడవడానికి ఎంగెల్స్ ఏళ్ళ తరబడి అదే కంపెనీలో పనిచేశాడు. పెట్టుబడిని దుమ్మెత్తిపోసిన రాతలకు అన్నం పెట్టింది మాంచెస్టర్ నూలే!

1819 ఆగస్టు 16న ఓటు హక్కు కోసం ఊరి నడిమధ్యనున్న సెయింట్ పీటర్స్ ఫీల్డ్ అనే మైదానంలో సుమారు 60,000 మంది చేరితే గుర్రపు దళాన్ని మీదికి తోలారు. దాదాపు 18 మంది చనిపోయారు. ఆ ఊచకోతనే పీటర్లూ అంటారు. చాలాకాలం అక్కడున్న ఫలకం మీద సైన్యం సభను చెదరగొట్టిందని తప్ప చావుల మాటే లేదు. పోరాడి 2007లో మార్పించారు. గుండ్రటి మెట్లలా కట్టిన స్మారకం 2019లో వచ్చింది. దగ్గర్లోనే లింకన్ విగ్రహం. అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తి రాక మిల్లులు మూతపడి జనం పస్తులున్నా, బానిసత్వానికి వ్యతిరేకంగా నిలబడిన ఇక్కడి కార్మికులకు 1863 జనవరిలో ఆయన ఉత్తరం రాశాడు. ఆ రోజుల్లోనే మన పత్తి ఇక్కడికి ఎక్కువగా వచ్చింది. పింజ పొట్టి, ఊరికే తెగుతోందని అదే కార్మికులు దాన్ని తిట్టిపోశారు. అదీ న్యాయమే, తెగిన పోగుకు కూలి తగ్గేది వాళ్ళకే.

ఒక్క రోజే టైముంటే మిగతావన్నీ వదిలేసి క్వారీ బ్యాంక్‌కే వెళ్ళమంటాను. టికెట్ ఖరీదెక్కువే గానీ దండగ కాదు.

ఆ మగ్గం వీడియో నాన్నకు వాట్సాప్‌లో పంపాను. రాత్రి ఫోన్ చేశాడు. "మగ్గం బాగానే ఉందమ్మాయ్. కానీ ఎడమ పక్క అంచు లాగేస్తోంది. చూసుకోమని చెప్పాల్సింది దాన్ని నడిపే ఆయనకి" అన్నాడు.